అప్పడాల కర్రతో మడిచిన పుస్తకం

లైప్‌జిగ్ పుస్తకాల జాతర నుంచి మొన్న తెచ్చుకున్న పల్చటి బొమ్మల పుస్తకం ఒకటి నా వంటింటి బల్ల మీద బోర్లా పడి ఉంది. మొదటి నుంచి వరసగా చూశాను. చివరి పేజీ మాత్రం తిప్పలేదు. తిప్పడానికి భయం. పక్కన ఫోను కూస్తోంది. పొద్దుటి నుంచి మా ఊరి తెలుగు గ్రూపులోని లావణ్యక్క పంపిన మూడో మెసేజ్. "స్రవంతీ, మొన్న నువ్వు కొన్న బొమ్మల బుక్కు మస్తుందే. పేజీలన్నీ ఫొటో తీసి గ్రూపుల పెట్టరాదు? మా పాప చూస్తనంటోంది. మనోళ్లమే గదా!" ఆ చివరి మాట చదవగానే ఒళ్లంతా కంపరమెత్తింది. ఆమె మీద తర్వాత, ముందు నా మీద. ముప్పై దాటీ దాటకముందే జ్ఞాపకాలు రాసుకోవడమేమిటని మా ఆయన నవ్వుతాడు గానీ, కొన్నింటిని ఎంత తొందరగా కక్కేస్తే అంత మంచిది.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. వరంగల్ నుంచి జర్మనీలోని కార్ల్స్‌రూహెకి చదువుకోవడానికి వచ్చి ఆరు నెలలైనా కాలేదు, కరోనా వచ్చి యూనివర్సిటీ తలుపులు మూసేశారు. నేనుండేది డాక్టర్ రామచంద్రం గారింట్లో, పైకప్పు కింద ఏటవాలు గోడల గదిలో. బాపట్ల వైపు మనిషి. ఎప్పుడో కుర్రతనంలో వచ్చి, సొంత ప్రాక్టీసు పెట్టుకుని, రిటైరయ్యి, ఊళ్లో తెలుగువాళ్లందరికీ పెద్దదిక్కు అనిపించుకున్నారు. రోజూ పొద్దున్నే ఆయన మెట్ల కింద థర్మామీటరు పట్టుకుని నిలబడేవారు. కిందికి దిగిన ప్రతివాళ్లూ నుదురు చూపించాలి. ఆయన ఒక నోటుపుస్తకంలో పేరు, వేడి రాసుకుని, "ఆఁ, వెళ్లమ్మా" అంటే తప్ప కాఫీ లేదు. ఆయన భార్య శకుంతల ఆంటీది ఇంకో రకం పిచ్చి. కొట్టు నుంచి వచ్చిన ప్రతి వస్తువునీ వెనిగర్ కలిపిన బకెట్లో ముంచి తీసేది. పాల డబ్బా, బ్రెడ్డు సంచీ, అరటిపళ్లు, చివరికి ఇంటికొచ్చిన ఉత్తరాల మీద కూడా ఆ నీళ్లే చిలకరించేది. ఇల్లంతా ఇంగువ పోపు, దాని మీద వెనిగర్ ఘాటు.

ఆంటీకి ఒక ఊతపదం ఉండేది, మనవాళ్లు. ఎవరి గురించి చెప్పినా ముందు అడిగేది, "మనవాళ్లేనా?" అని. కూరగాయల కొట్టువాడు, కొత్తగా వచ్చిన పళ్ల డాక్టరు, టీవీలో వార్తలు చదివే అమ్మాయి, అందరికీ అదే ప్రశ్న. నా పక్క గదిలో ఉండే మిహో ఆ మాట విని విని ఒకరోజు జర్మన్‌లో నన్నడిగింది, దానికి అర్థమేమిటని. మిహో జపాన్ అమ్మాయి, నాకన్నా నాలుగేళ్లు పెద్దది, ఊళ్లో ఒక కితాలో, అంటే బడికి ముందు పసిపిల్లల్ని పంపే చోట, టీచరు. "సొంత మనుషులు, వాళ్ల దగ్గర దాచుకోవడానికేమీ ఉండదు" అని చెప్పాను. ఆ మాట ఎలా రాస్తారంది. చిన్న కాగితమ్ముక్క మీద రాసిచ్చాను. నా ళకారం కింద వొత్తు ఎప్పుడూ కిందికి జారి ఎడమకి వాలుతుంది, దాని కోసం చిన్నప్పుడు స్కూల్లో వేళ్ల మీద దెబ్బలు తిన్నాను. మిహోకి అదే నచ్చింది. "ఈ అక్షరం కాళ్లు ముడుచుకుని కూచున్నట్టుంది" అని నవ్వి, ఆ కాగితం తన మంచం పక్క గోడకి అంటించుకుంది.

మిహో గోడ నిండా ఇంకో రెండు మొహాలు ఉండేవి. కొండ ఊళ్లలో ఉత్తరాలు బట్వాడా చేసే ఇద్దరు మధ్యవయసు పోస్టుమేన్లు. జపాన్‌లో ఎప్పుడో ఆగిపోయిన ఒక బొమ్మల కథలో పాత్రలట. కథ రాసినాయన వాళ్లిద్దరినీ మంచు తుఫానులో వదిలేసి ఆపేశాడు. తర్వాత ఏమైందో తెలియక తల్లడిల్లిన అభిమానులు ఒక గుప్పెడుమంది, తర్వాతి కథ తామే గీసుకుని, తామే అచ్చేసుకుని, ఏడాదికోసారి ఒక పెద్ద హాల్లో బల్లలేసుకుని ఒకళ్లకొకళ్లు ఇచ్చుకుంటారట. ఇలాంటి పుస్తకాలని అక్కడ దోజిన్షి అంటారని చెప్పింది. దాని కోసం మిహో ప్రతి వసంతంలోనూ సెలవు పెట్టుకుని ఇంటికి వెళ్లేది. ఆ ఏడు విమానాలు లేవు, హాలూ లేదు. పుస్తకం మాత్రం గీసేసింది. గీసినవాటిని బల్ల మీద పెట్టుకుని, మనిషి పోయిన ఇంట్లో కూచున్నట్టు కూచుంది. నాకే జాలేసి అంకుల్‌ని అడిగాను. ఆయన ప్రాక్టీసు నాటి పాత కాపియర్ మెషీను సెల్లార్లో ఉంది కదా అని. "ఓ, దానికేముందమ్మా, వాడుకోమను. కళని ప్రోత్సహించాలి" అన్నారు, పెద్దమనిషి ధోరణిలో.

రెండు రోజులు మేం ముగ్గురం ఆంటీ భోజనాల బల్ల దగ్గర కూచుని మడతలు పెట్టాం. మిహో పేజీలు వరస చేసేది, నేను మడిచి నడుమ పిన్ను కొట్టేదాన్ని. కాగితాలు మందంగా ఉండి మడత లేచిపోతుంటే ఆంటీ లోపలికెళ్లి అప్పడాల కర్ర తెచ్చింది. ఒక్కో పుస్తకాన్నీ పీట మీద పెట్టి, అటూ ఇటూ రెండుసార్లు దొర్లించి, "ఇదిగో, ఇప్పుడు కుదురుగా పడుకుంది" అని పక్కన పేర్చేది. మధ్యలో కళ్లజోడు సర్దుకుని ఒక పేజీ చూసి, "ఎవరమ్మా ఈ మగాళ్లు? చక్కగా ఉన్నారే" అంది. ఆ ఇంట్లో ఆ రెండు రోజులూ నాకు వెనిగర్ వాసన తెలియలేదు. మొదటి కాపీ నాకిచ్చేటప్పుడు మిహో చివరి పేజీ తెరిచి వేలు పెట్టి చూపించింది. అన్నీ జపాన్ అక్షరాలు. "ఇది మా ఆచారం. పుస్తకం ఎవరు చేశారో, చదివినవాళ్లు ఏం చేయకూడదో ఇక్కడ రాస్తాం. ఫొటో తీయకు, నెట్‌లో పెట్టకు. తెలియనివాళ్ల కళ్లలో పడితే దీన్ని వేరేగా చూస్తారు. మా కితాలో ఎవరికీ తెలియదు. నా కాంట్రాక్టు ఇంకా పర్మనెంటు కాలేదు, అది పోతే ఈ దేశంలో నా వీసా కష్టం" అంది. నేను తల ఊపి, "సరే, సరే" అన్నాను. మనం రెండుసార్లు సరే అన్నామంటే విననట్టే లెక్క. పాపం, ఆ సంగతి ఆ పిల్లకేం తెలుసు!

ఆదివారం పొద్దున పదింటికి మిహో తన గదిలో జాతర పెట్టింది. హాలు లేదు కాబట్టి ఎవరింట్లో వాళ్లు బల్ల వేసుకుని, అదే గంటకి, అదే మర్యాదతో కూచోవాలని జపాన్ అంతటా అభిమానులు అనుకున్నారట. బల్ల మీద నీలం గుడ్డ పరిచింది. పుస్తకాలు దొంతి పెట్టింది. ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని బల్ల వెనక కుర్చీలో తలుపుకేసి చూస్తూ కూచుంది. సరిగ్గా పదయ్యేసరికి లేచి, ఒక్కతే చప్పట్లు కొట్టింది. జాతర మొదలయ్యేటప్పుడు హాల్లో అందరూ అలా కొడతారట. గడపలో నిలబడి నేనూ కొట్టాను. రెండు నెలలుగా నైటీ వదలని ఆంటీ, పట్టుచీర కట్టుకుని, మొహానికి మాస్కు తగిలించుకుని, సున్నుండల డబ్బాతో మెట్లెక్కి వచ్చింది. రాసినవాళ్లకి తియ్యటిదేదైనా ఇవ్వడం అక్కడి పద్ధతని నేనే చెప్పాను. పుస్తకం ముట్టుకునే ముందు "చూడొచ్చా?" అని అడగాలని కూడా చెప్పాను. ఆంటీ అచ్చ తెలుగులో, "చూడొచ్చా అమ్మా?" అంది. మిహో లేచి నిలబడి, నడుం వంచి, రెండు చేతులతో పుస్తకం అందించింది. ఆ పిల్ల కళ్లు తడిశాయి. నేను సున్నుండ తింటూ నా కాపీ తిరగేస్తుంటే తొమ్మిదో పేజీ మూల మీద నెయ్యి మరక పడింది, బొటనవేలంత. అయ్యో అంటే, "పరవాలేదు, నీ పుస్తకమని గుర్తుంటుంది" అంది మిహో.

ఇక్కడిదాకా బాగుంది కదా. ఇక్కడితో ఆపేస్తే నేను చాలా మంచిదాన్నే. ఊళ్లో తెలుగువాళ్లందరూ ఉన్న వాట్సాప్ గ్రూపొకటి ఉండేది, ఇప్పటికీ ఉంది. లాక్‌డౌన్లో అందులో జనం చేసిన హడావుడి తలుచుకుంటే రోతగా ఉంటుంది. ఒకామె పావ్ బన్నులు, ఇంకొకాయన గిటారు, ఇంకొకళ్ల పిల్ల కూచిపూడి, ఎవరేది పెట్టినా కింద యాభై చప్పట్ల బొమ్మలు. నాకు వంట రాదు, పాట రాదు. ఆ చప్పట్లు నాకూ కావాలనిపించింది. అంతే, ఇంకే కారణమూ లేదు. మిహోకి మంచి పేరొస్తుందనే సాకు తర్వాత తగిలించుకున్నాను. నా కాపీ కిటికీ దగ్గర పెట్టి ఒక్కో పేజీ ఫొటో తీశాను. చివరి పేజీ వదిలేశాను, అందులో బొమ్మలేం లేవు కదా అని. "మా పక్క గదిలో జపాన్ ఆర్టిస్టు! మన పిల్లల కితా టీచర్ మిహోనే! పేజీలు మడిచింది నేను" అని రాసి పెట్టేశాను. నెట్‌లో పెట్టొద్దంది నిజమే. కానీ ఇది నెట్టా? మనవాళ్లే కదా! ఒట్టు, నా బుర్రకి అప్పుడు అలాగే తోచింది.

గంటసేపు చప్పట్లే. ఆ తర్వాత ఎవడో తొమ్మిదో పేజీ పెద్దది చేసి పెట్టాడు. మంచు తుఫాను ఆగాక పోస్టుమేన్లిద్దరూ ముద్దుపెట్టుకునే పేజీ. అసలు పుస్తకమంతా ఆ ఒక్క క్షణం కోసమే ఉంది, అంత నెమ్మదిగా, అంత మర్యాదగా గీసింది. మనవాళ్లు దాని మీద రాసిన రాతలు ఇక్కడ రాయను, రాస్తే కాగితం మైలపడుతుంది. చదువుకున్నవాళ్లు, నెలకోసారి గుళ్లో అన్నదానం చేసేవాళ్లు, పళ్లికిలిస్తూ ఒకడి మీద ఒకడు పడ్డారు. కింద లావణ్యక్క రాసింది. "ఛీ! ఈమె దగ్గరికా మేం పిల్లల్ని పంపేది?" నేను గబగబా తీసేయబోయాను. అప్పటికే తీసేసే గడువు దాటిపోయింది. సాయంత్రానికి ఆ పేజీ, ఇది గీసింది మిహో అని ఎవరో జర్మన్‌లో రాసిన రాతతో సహా, కితా తల్లిదండ్రుల గ్రూపుకి చేరింది. నేను నోరెత్తలేదు. ఒక్క ముక్క, "తప్పు నాది, ఆమె వద్దంది" అని రాయొచ్చు. రాయలేదు. స్నానాల గదిలో కూచుని ఫోను ఆఫ్ చేసుకున్నాను.

మర్నాడు పొద్దున మెట్ల కింద అంకుల్ చేతిలో థర్మామీటరు లేదు. "ఏమ్మా, ఊళ్లోవాళ్లందరూ నాకే ఫోన్లు చేస్తున్నారు. నా ఇంట్లో, నా కాపియర్ మీద, ఈ పాడుపనా?" అన్నారు. "ఆ అమ్మాయిని గది ఖాళీ చేయమను. నువ్వే చెప్పు, నాకెందుకా మాటలన్నీ." ఆంటీ వంటింట్లోంచి వచ్చి, "అప్పడాల కర్రతో నొక్కింది నేనే కదండీ, అయితే నన్నూ పంపించేయండి" అంది. ఆ మాటకి నేను ఆవిడ కాళ్లు మొక్కుదామనుకున్నాను. కానీ మధ్యాహ్నం నీళ్ల కోసం వంటింట్లోకి వెళితే, అప్పడాల కర్ర వెనిగర్ బకెట్లో నిలువునా మునిగి ఉంది. ఆంటీ నన్ను చూసి మొహం తిప్పుకుంది. నీళ్లు తాగకుండానే బయటికొచ్చేశాను. ఆ ఇంట్లో అందరికన్నా మంచిది ఆవిడే మరి.

నేను పైకెళ్లి తలుపు కొట్టాను. "అంకుల్ వాళ్ల చుట్టాలు వస్తున్నారట, నీ గది కావాలట" అన్నాను. మిహో నన్నే చూస్తూ, "విమానాలు లేవు కదా" అంది. ఫోను తీసి ఫొటో చూపించింది. కితా పెద్దావిడ పంపిందట, మాట్లాడటానికి రమ్మని రోజూ టైమూ ఇచ్చిందట. "ఇది ఎవరు పెట్టారో నీకు తెలుసా?" అంది. "నాకు తెలియదు" అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట! మిహో రెండు వేళ్లతో ఫొటోని పెద్దది చేసింది. పేజీ మూల, బొటనవేలంత నెయ్యి మరక. అరిచిందా, లేదు. ఏడ్చిందా, లేదు. "నీ కాపీ తిరిగిస్తావా?" అంది. తెచ్చిచ్చాను. ఇచ్చి ఊరుకున్నా బావుండేది. "నెట్‌లో పెట్టలేదు మిహో, మనవాళ్లకే పంపాను" అన్నాను, మనవాళ్లు అన్న ఒక్క మాటా తెలుగులో, ఆమెకి తెలిసిన మాట కదా అని. మిహో గోడ మీది కాగితాన్ని ఒకసారి చూసింది. "మనవాళ్లు" అని మెల్లిగా అని, తలుపేసుకుంది.

కితావాళ్లు ఏ తప్పూ రాయలేదు, గడువు తీరాక కాంట్రాక్టు పొడిగించలేదంతే. మిహో లైప్‌జిగ్‌లో ఏదో పని దొరికిందని వెళ్లిపోయింది. అట్టపెట్టెలు ఒక్కొక్కటే మూడంతస్తులూ తనే దింపుకుంది. అంకుల్ మాస్కు పెట్టుకుని కిటికీలోంచి చూశారు. నేను మెట్ల మలుపులో నిలబడి, కరోనా రూల్సు ప్రకారం దూరంగా ఉండాలి కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. కొద్ది వారాల ముందు ఒకే డబ్బాలో సున్నుండలు తిన్నవాళ్లం! ఆమె వెళ్లాక గదిలోకి వెళ్లి చూశాను. గోడ మీద నా కాగితమ్ముక్క లేదు. చించి పారేసిందనుకున్నాను. పారేసి ఉంటే బావుండునని కోరుకున్నాను కూడా.

ఇప్పుడు కాలం మారిందంటారు. మారింది, చూసి వచ్చాను. మొన్న లైప్‌జిగ్ హాల్లో ఎటు చూసినా రంగు విగ్గులు, బొమ్మల పుస్తకాల బల్లలు. లావణ్యక్క కూతురు నీలం జుట్టు పెట్టుకుని చంకలో డ్రాయింగ్ పుస్తకంతో తిరుగుతోంది. "మా పాప ఎంత మంచిగ గీస్తదో చూడవే. కితాల ఉన్నప్పట్నించే పిచ్చి దీనికి" అని లావణ్యక్క మురిసిపోయింది. కితాలో ఎవరు నేర్పారే అని ఆ పిల్లనడిగాను. "ఫ్రావ్ మిహో" అని, జర్మన్‌లో టీచర్ని పిలిచినట్టే, టక్కున చెప్పింది. అదెవరో లావణ్యక్కకి గుర్తే లేదు. ఒక మనిషి బతుకుని ఊడ్చి పారేసి, గుర్తు కూడా లేదు! ఆ గ్రూపులోనే ఇప్పుడు పాప విగ్గు ఫొటోకి డెబ్బై చప్పట్లు. ఆనాడు ముక్కు మూసుకున్నవాళ్లే కొడుతున్నారు. వాళ్లని తిట్టుకోవడానికి నాకు మాత్రం ఏం మొహం ఉంది? నేనూ ఆ గ్రూపులోనే ఉన్నాను ఇంకా.

వాళ్లని వదిలించుకుని రెండు వరసలు దాటేసరికి, నీలం గుడ్డ పరిచిన బల్ల. జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, మాస్కు పెట్టుకుని, ఇస్త్రీ చొక్కాలో మిహో. దొంతి మీద అదే పోస్టుమేన్లు, ఈసారి జుట్టు నెరిసిపోయి. "చూడొచ్చా?" అన్నాను జర్మన్‌లో. లేచి, నడుం వంచి, రెండు చేతులతో అందించింది. అందరికీ ఇచ్చినట్టే ఇచ్చింది. "చివరి పేజీ తప్పకుండా చదవండి" అంది, జర్మన్‌లో మీరు అని గౌరవించి, పరాయివాళ్లతో మాట్లాడే పద్ధతిలో. గుర్తుపట్టిందో లేదో ఈ క్షణానికీ తెలియదు. సంచిలో ఒక్క చాక్లెట్టు కూడా లేదు ఇవ్వడానికి. క్షమించు అందామనుకుని, వెనక నిలబడ్డ వాళ్లని చూసి డబ్బులిచ్చి పక్కకి తప్పుకున్నాను. వెనక్కి తిరిగేసరికి దూరం నుంచి లావణ్యక్క చెయ్యూపుతోంది, "ఏం కొన్నవే?" అంటూ.

సరే, ఇక తిప్పుతున్నాను. చివరి పేజీలో పైన జపాన్ అక్షరాలు, వాటి కింద జర్మన్. దయచేసి ఈ పుస్తకాన్ని ఫొటో తీయవద్దు, నెట్‌లో పెట్టవద్దు. దయచేసి కింద చెప్పినవారికి చూపించవద్దు అని, దాని కింద చిన్న చిన్న గీతలతో ఒక పట్టీ. నా ఆఫీసువాళ్లు. నా కుటుంబం. మూడో గీత పక్కన జర్మన్ లేదు, జపాన్ లేదు. మనవాళ్లు అని ఉంది, తెలుగులో, కాగితమ్ముక్క మీంచి ఉన్నదున్నట్టు దించిన అచ్చులో. ళకారం కింద వొత్తు కిందికి జారి, ఎడమకి వాలి ఉంది.